బడిబస్సు ఆగడానికి వీధిలో జాగా

బడిబస్సు భద్రత అనగానే మన ఆలోచన బస్సు లోపలికే పోతుంది. బ్రేకులు పడుతున్నాయా, డ్రైవరుకు సరైన లైసెన్సు ఉందా, ఫిట్‌నెస్ చేయించారా, సీటుకు ఎంతమందిని సర్దారు? అడగాల్సిన ప్రశ్నలే. కానీ చిన్నపిల్లలకు అసలు గండం బస్సు ఆగిన చోట పొంచి ఉంటుంది. మెట్టు దిగి నేల మీద కాలు పెట్టేటప్పుడు, దిగాక బస్సు ముందు నుంచి రోడ్డు దాటేటప్పుడు, జారిపోయిన వాటర్ బాటిల్ కోసం చక్రం పక్కన వంగినప్పుడు. దిగిన బస్సు కిందే పడి చిన్నారి మృతి అన్న వార్త తెలుగు పేపర్లు చదివేవారికి కొత్త కాదు. ఊరు మారుతుంది, పిల్ల వయసు మారుతుంది. డ్రైవరును అరెస్టు చేస్తారు, బడి ముందు బంధువులు ధర్నాకు కూర్చుంటారు. కొన్నాళ్ళకు ఇంకో బస్సు అదే చోట, అదే తీరులో ఆగుతుంది.

ఆ చోటు గురించే ఈ వ్యాసం. ఇళ్ళ మధ్య వీధిలో బడిబస్సు ఆగడానికంటూ గుర్తుపెట్టిన జాగా ఉండాలా? ఉంటే ఎంత పొడవు, ఏ పక్క, ఏ వేళ, ఎవరి అనుమతితో, ఎవరి గేటు ముందు? కూకట్‌పల్లి అయినా, మల్కాజిగిరి అయినా, విజయవాడ పటమట అయినా, విశాఖ ఎంవీపీ కాలనీ అయినా ఈ ప్రశ్నలు ఒకటే. ఉండాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే తెల్లగీత గీసి బోర్డు పాతినంత మాత్రాన అది జాగా అయిపోదు. బస్సు తలుపుకూ రోడ్డు అంచుకూ మధ్య ఖాళీ లేకుండా చెయ్యగలిగితేనే ఆ పనికి అర్థం ఉంటుంది. మిగతా సంగతులన్నీ ఆ ఖాళీ చుట్టూ తిరిగేవే.

మన దేశంలో బడిబస్సు నిబంధనలకు ఊపిరి పోసింది ఒక ఘోరం. 1997 నవంబరు 18న ఢిల్లీలో వజీరాబాద్ వంతెన మీంచి పిల్లలతో వెళ్తున్న బస్సు యమునలో పడింది. ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎం.సి. మెహతా కేసు వింటున్న సుప్రీంకోర్టు నెల తిరక్కుండానే, డిసెంబరు 16న, బడిబస్సులు ఎలా ఉండాలో ఆదేశాలిచ్చింది. ముందూ వెనకా స్కూల్ బస్ అని రాయాలి, వేగానికి గవర్నరు బిగించాలి, కిటికీలకు అడ్డకమ్మీలు, తలుపులకు గట్టి తాళాలు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు ఉండాలి, పెద్ద బండ్లు నడపడంలో కనీసం 5 ఏళ్ళ అనుభవమున్న డ్రైవరు ఉండాలి, పిల్లలతో పాటు ఒక అటెండెంటు ఉండాలి. ఆర్టీఏ అధికారులు నేటికీ దాదాపు ఇవే చూస్తారు. తెలుగు రాష్ట్రాల్లో బడిబస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది, బడులు తెరిచేలోగా మళ్ళీ చేయించుకోవాలి. ఈ ఏర్పాటు వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయని నేను నమ్ముతాను. కానీ ఆ జాబితాలో దాదాపు ప్రతి అంశమూ బండికి సంబంధించిందో, బండిలో ఉన్న మనుషులకు సంబంధించిందో. బండి ఆగే నేల సంగతి అందులో లేదు.

నేలను బాగుచేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడిబస్సును రైలు ఢీకొంది. ఆ రోజు కూడా డ్రైవరు గురించి, అతను ఫోన్‌లో మాట్లాడుతున్నాడా లేదా అన్నదాని గురించి చర్చ నడిచింది. పరిష్కారం మాత్రం గేటు దగ్గరే దొరికింది. కొన్నిచోట్ల మనిషిని పెట్టారు, కొన్నిచోట్ల కింద నుంచి దారి తీశారు, కొన్ని గేట్లు మూసేశారు. 2019 జనవరి చివరికి దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని గేటంటూ మిగల్లేదని రైల్వే ప్రకటించింది. మనుషులు తప్పులు చేస్తూనే ఉంటారు, ఆ తప్పు ప్రాణం మీదికి రాకుండా చోటును మార్చాలి అన్న లెక్క అక్కడ పనిచేసింది. కాలనీ వీధికి ఆ లెక్క ఇంకా రాలేదు.

వీధిలో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. ఉదయం ఏడు దాటింది. 30 అడుగుల రోడ్డు. ఎడమ పక్క వరసగా కార్లు, వాటిలో ఒకటి కవరు కప్పుకుని నెలల తరబడి కదలనిది. బస్సు వచ్చింది. అంచుకు జరగడానికి చోటు లేదు కాబట్టి నడిరోడ్డులోనే ఆగింది. తలుపు ఎడమ వైపు తెరుచుకుంది. తలుపుకూ ఆ కార్లకూ మధ్య మూడడుగుల సందు మిగిలింది. ఆయా కమ్మీ పట్టుకుని దిగి, తన ఎత్తులో సగం ఉన్న బ్యాగు తగిలించుకున్న యూకేజీ పిల్లాణ్ణి రెక్క పట్టి పైకెక్కిస్తోంది. వెనక హారన్ల మోత. బస్సు కుడి పక్క నుంచి ఒక ఆటో ఎదురొచ్చి ఇరుక్కుంది. ఆఫీసుకు ఆలస్యమవుతున్న బైకతనికి దారి ఎక్కడ కనిపిస్తుంది? ఎడమ పక్క ఆ మూడడుగుల సందులో. హ్యాండిల్ బారు పట్టేంత వెడల్పు సరిగ్గా అక్కడే ఉంది. పిల్లాడి కాలు ఆనేదీ అక్కడే.

కాసేపు కొలతలు చూద్దాం. 30 అడుగుల రోడ్డు అన్నది లేఅవుట్ కాగితం మీది మాట. రెండు పక్కలా ఇళ్ళ ర్యాంపులు, మెట్లు, పూలకుండీలు తలా మూడడుగులు తీసుకుంటే మిగిలేది 24. రెండు పక్కలా కార్లు నిలబడితే తలా ఆరడుగులు పోయి 12 మిగులుతుంది. బస్సు వెడల్పు దాదాపు ఎనిమిది అడుగులు, అద్దాలతో కలిపితే ఇంకాస్త ఎక్కువ. మిగిలిన మూడు నాలుగు అడుగులు బస్సు కుడికి జరిగితే ఎడమన, ఎడమకు జరిగితే కుడిన తేలతాయి. ఎటు తేలినా ఒక బైకు దూరుతుంది. ఈ లెక్కలో డ్రైవరు ఎంత మంచివాడన్నదానికి చోటు లేదు. ఎడమ పక్క కార్లు ఆ కొద్ది నిమిషాలు లేకపోతే మాత్రం లెక్కంతా మారిపోతుంది. బస్సు అంచును ఆనుకుని ఆగుతుంది, ఎడమన సందు మూసుకుపోతుంది, కుడి పక్క తొమ్మిదీ పది అడుగులు తెరుచుకుని బండ్లు నెమ్మదిగా సాగిపోతాయి. పిల్లలకూ మేలే, వెనక హారన్ కొట్టేవారికీ మేలే.

ఎంత పొడవు ఖాళీ ఉంచాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. బస్సు 30 అడుగులుంటే 30 అడుగుల గీత చాలనుకుంటారు. బస్సు పక్కకు జరగలేదు. ముందు మూతి లోపలికి తిప్పి, తోకను వెంట లాక్కుని, నిటారుగా నిలబడటానికి ముందూ వెనకా నేల కావాలి. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం నాక్టో తన మార్గదర్శకాల్లో 40 అడుగుల సిటీబస్సుకు వీధి మధ్యలో 120 అడుగులు, కూడలి దాటిన వెంటనే అయితే 90 అడుగులు ఖాళీ అంచు ఉండాలంటుంది. కూడలి దాటాక తక్కువ చాలడానికి కారణం ఉంది. కూడలిలో ఎవరూ బండి పెట్టరు కాబట్టి బస్సు మలుపు తీసుకునే చోటు ఊరికే దొరుకుతుంది. మన కాలనీల్లో తిరిగే బస్సులు అంతకన్నా చిన్నవి, కాబట్టి అంత అవసరం రాకపోవచ్చు. కానీ పొడవు చాలకపోతే బస్సు మూతి అంచుకు, తోక రోడ్డు మధ్యకు పెట్టి వాలుగా ఆగుతుందనీ, అప్పుడు తలుపు దగ్గర సందు మళ్ళీ తెరుచుకుంటుందనీ గుర్తుంచుకోవాలి. చాలీచాలని జాగా ఇస్తే దానికోసం పడ్డ గొడవంతా వృథా అవుతుంది.

ఇతర దేశాల అనుభవంలో మనకు పనికొచ్చేదీ ఉంది, రానిదీ ఉంది. ముందు అమెరికా. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు పిలిచిన సమావేశంలో బడిబస్సులకు దేశమంతా ఒకే ప్రమాణాలు, ఒకే పసుపు రంగు ఉండాలని తేల్చారు. కాలక్రమంలో ఎర్రదీపాలు, పక్కకు తెరుచుకునే స్టాప్ పలక వచ్చాయి. 50 రాష్ట్రాల్లోనూ బడిబస్సు ఎర్రదీపాలు మినుకుమంటుంటే బండ్లు ఆగిపోవాలన్నది చట్టం. టెక్సాస్‌లో ఫ్రిస్కోకో, న్యూజెర్సీలో ఎడిసన్‌కో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన తాతలూ అమ్మమ్మలూ ఇది చెబుతుంటారు. బస్సు ఆగగానే ముందూ వెనకా వీధంతా కదలకుండా నిలిచిపోతుందని, మనవడు తాపీగా నడిచి వస్తాడని. నిజమే. న్యూజెర్సీలో అయితే కనీసం 25 అడుగుల దూరంలో ఆగాలని కూడా ఉంది.

అంత కట్టుదిట్టమైన చట్టం ఉన్నా అక్కడా మీరేవారు మీరుతూనే ఉన్నారు. బడిబస్సు డ్రైవర్లు ఒక రోజు లెక్క రాసి ఇస్తే, దాన్నిబట్టి ఒక విద్యా సంవత్సరంలో ఆగిన బస్సును దాటేసిన బండ్లు 4 కోట్లకు పైనే అని అక్కడి రాష్ట్రాల పిల్లల రవాణా అధికారుల సంఘం ఇటీవలి సంవత్సరాల్లో అంచనా కట్టింది. కాన్సాస్ రాష్ట్ర విద్యాశాఖ 1970 నుంచి ఏటా ఒక పని చేస్తోంది. దేశం మొత్తం మీద బస్సు ఎక్కుతూ, దిగుతూ చనిపోయిన ప్రతి పిల్లవాడి వివరం సేకరిస్తుంది. ఎన్నేళ్ళు, బస్సు ముందు చక్రమా వెనక చక్రమా, పక్కనుంచి వచ్చిన బండా. ఇన్నేళ్ళ ఆ చిట్టా చెప్పేదేమిటంటే పోయినవారిలో ఎక్కువమంది తొమ్మిదేళ్ళు, అంతకన్నా తక్కువ వయసువారే. చాలామందిని కొట్టింది పరాయి బండి కూడా కాదు, వాళ్ళు దిగిన బస్సే. మన దగ్గర రోడ్డు ప్రమాదాల్లో ఏటా తొమ్మిది వేలకు పైగా 18 ఏళ్ళలోపువారు చనిపోతున్నారని కేంద్ర రవాణాశాఖ లెక్కలు చెబుతున్నాయి. వాళ్ళలో ఎంతమంది బడిబస్సు మెట్టు దగ్గర పోయారో కాన్సాస్‌లో మాదిరిగా ఒక్కొక్కరి వివరం రాసిపెట్టే పని మన రెండు రాష్ట్రాలూ మొదలుపెట్టాలి. జిల్లాకో ఉద్యోగి, ఒక రిజిస్టరు చాలు.

అమెరికా పద్ధతి మొత్తంగా మనకు దిగుమతి కాదు. అక్కడ బస్సు చాలాచోట్ల తన దారిలోనే ఆగుతుంది, చుట్టూ ఉన్న బండ్లను చట్టం ఆపుతుంది. మన రోడ్ల మీద ఆగిన బడిబస్సును చూసి ఆగే అలవాటు లేదు. రేపు చట్టం చేసినా ఆ అలవాటు రావడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా పిల్లవాడికి కాపుగా నిలవాల్సింది రోడ్డు అంచే. బస్సే గోడలా నిలబడి ఒక పక్క బండ్లను ఆపాలి, ఇంకో పక్క కాలిబాట ఉండాలి.

అమెరికాలోనే అంచును వేళలవారీగా పంచుకునే పద్ధతులున్నాయి, మనం నేర్చుకోవాల్సింది అవి. న్యూయార్క్‌లో బడుల ముందు ఒక బోర్డు సాధారణంగా కనిపిస్తుంది. బడి ఉన్న రోజుల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 4 దాకా ఇక్కడ బండి నిలపరాదని. నాలుగు దాటాక, శని ఆదివారాల్లో, సెలవుల్లో ఆ జాగా మళ్ళీ వీధివాళ్ళదే. కాలిఫోర్నియా చట్టంలో రోడ్డు అంచు రాతి మీది రంగులకు అర్థాలున్నాయి. ఎరుపైతే అసలు ఆగకూడదు, తెలుపైతే మనుషులు ఎక్కి దిగేంతసేపే ఆగొచ్చు. బోర్డు చదవడం రానివారికి కూడా రంగు అర్థమవుతుంది. ఇంగ్లండ్ దారి ఇంకోటి. బడి గేటు ముందు పసుపు వంకరగీతలు గీసి ఆ మేర పూర్తిగా ఖాళీగా ఉంచుతారు, గేటు దగ్గర ఏ బండీ ఆగనివ్వరు. ఈ మధ్య లండన్‌లో వందల బడుల దగ్గర పిల్లలు వచ్చీపోయే వేళకు వీధినే బండ్లకు మూసేస్తున్నారు. జపాన్‌లో 1972 నుంచి ప్రాథమిక పాఠశాలల చుట్టూ దాదాపు 500 మీటర్ల మేర స్కూల్ జోన్‌లు పెట్టారు. పిల్లలు గుంపులుగా నడిచి వెళ్ళే చాలా వీధుల్లో పొద్దున పూట కార్లకు ప్రవేశం ఉండదు. ఈ పద్ధతుల్లో చాలావాటిలో నాకు ఉమ్మడిగా కనిపించేది ఒకటుంది. ఎవరి హక్కునూ శాశ్వతంగా తీసుకోలేదు. కొన్ని గంటలకు పిల్లలకు ముందు పీట వేశారు.

పిల్లలకు ముందు పీట ఎందుకంటే వాళ్ళు చిన్న సైజు పెద్దవాళ్ళు కారు కాబట్టి. ఎంత నేర్పినా చిన్నపిల్లలను ట్రాఫిక్‌కు తగ్గట్టు మలచలేమని, ట్రాఫిక్‌నే వాళ్ళకు తగ్గట్టు మలచాలని స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త స్టీనా సాండెల్స్ అర్ధశతాబ్దం కిందటే చెప్పింది. 2011లో లండన్ విశ్వవిద్యాలయపు రాయల్ హాలోవే పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లలను పరీక్షించి చూస్తే, గంటకు 32 కిలోమీటర్లు దాటిన వేగంతో దగ్గరికొస్తున్న బండి వేగాన్ని వాళ్ళ కళ్ళు సరిగ్గా పట్టలేకపోతున్నాయని తేలింది. చూసుకుని దాటమని చెబుతాం. వాడు చూస్తాడు కూడా. వాడికి అది దూరంగానే కనిపిస్తుంది.

ఇక మన చట్టం. ఇక్కడ అనుకున్నంత శూన్యం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ స్థానిక సంస్థను సంప్రదించి బండ్లు ఎక్కడ, ఎంతసేపు నిలబడొచ్చో నిర్ణయించొచ్చు. 2019 సవరణ దానికి ఒక షరతు చేర్చింది. అలా నిర్ణయించేటప్పుడు రోడ్డు మీది మనుషుల భద్రతకూ, రాకపోకలు సాఫీగా సాగడానికీ పెద్దపీట వెయ్యాలని. 115వ సెక్షన్ బండ్లను నియంత్రించే అధికారాన్ని, 116వ సెక్షన్ బోర్డులు పెట్టే అధికారాన్ని ఇస్తాయి. బస్టాపు దగ్గర, బడి గేటు దగ్గర, ఇళ్ళ గేట్లకు అడ్డంగా బండి పెట్టకూడదన్నది 1989 రోడ్డు నిబంధనల నుంచీ ఉంది. హైదరాబాద్‌లో అయితే ఫస్లీ 1348 నాటి సిటీ పోలీసు చట్టం 21వ సెక్షన్ కింద కమిషనర్ ట్రాఫిక్ ఉత్తర్వులిస్తారు, వినాయక నిమజ్జనానికి దారి మళ్ళించేదీ దాని కిందే. అదే 2019 సవరణలో 198ఏ సెక్షన్ ఒకటి వచ్చింది. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, వికలాంగులైతే సంబంధిత సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దగ్గర బోర్డులకు, గీతలకు, కాలిబాటలకు, వేగం తగ్గించే ఏర్పాట్లకు వేర్వేరు ప్రమాణ గ్రంథాలే ఉన్నాయి.

అంటే అడ్డం పడుతున్నది అధికారం లేకపోవడం కాదు, అది ముక్కలై ఉండటం. గీత మున్సిపల్ ఇంజినీరు గీయాలి. నో పార్కింగ్ ఉత్తర్వు ట్రాఫిక్ పోలీసులు ఇవ్వాలి. బస్సు రూటు బడివాళ్ళు వేస్తారు. బస్సును తనిఖీ చేసేది ఆర్టీఏ. బడికి గుర్తింపు ఇచ్చేది విద్యాశాఖ. ఈ ఐదుగురూ ఒక వీధిలో ఒక ఉదయం కలిసి నిలబడిన సందర్భం నాకు తెలిసి అరుదు. కాలనీ సంక్షేమ సంఘం పూనుకుంటే తప్ప ఈ పని కదలదు.

ఆ సంఘం సమావేశంలోనే అసలు చర్చ మొదలవుతుంది. జాగా కావాలని అందరూ ఒప్పుకుంటారు, తమ గేటు ముందు మాత్రం వద్దంటారు. ఈ అభ్యంతరాన్ని స్వార్థమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. పొద్దున్నే ఆరున్నరకు హారన్ మోగితే రాత్రి డ్యూటీ నుంచి వచ్చినవాడికి నిద్ర పాడవుతుంది. ఇంజిను ఆపకుండా నిలబెట్టిన డీజిల్ బస్సు పొగ వరండాలోకి వస్తుంది. పిల్లలను దించడానికొచ్చిన స్కూటర్లు ర్యాంపుకు అడ్డంగా ఉంటాయి. ముసలాయనను ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన రోజున కారు బయటికి రాకపోతే? ఇవి నిజమైన బాధలు, వీటికి జవాబు చెప్పాకే గీత గీయాలి.

అయితే వీటి పక్కనే ఇంకో వాదన వస్తుంది. ఈ రోడ్డు మా ఇంటి ముందుది, ఇక్కడ మా కారు పెట్టుకుంటాం అని. ఇది ఒప్పుకోదగ్గది కాదు. గేటులోంచి రాకపోకలు సాగించే హక్కు ఇంటివారిదే, దాన్ని ఎవరూ అడ్డుకోకూడదు. గేటు అవతల నేల మాత్రం రోడ్డు. ఏళ్ళ తరబడి కారు నిలబెట్టినందువల్ల అది సొంతం కాదు. ఈ రెండు మాటలనూ కలిపేసి మాట్లాడటం వల్లే చాలా సమావేశాలు కేకలతో ముగుస్తాయి. గేటు ముందు మేరను గీతల్లోంచి మినహాయిస్తామని మొదటే చెప్పేస్తే సగం కోపం చల్లారుతుంది.

దీనికి నాకు తోచిన మంచి దారి గేట్లు లేని అంచు వెతకడం. దాదాపు ప్రతి లేఅవుట్‌లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. పార్కు ప్రహరీ, కమ్యూనిటీ హాలు గోడ, వాటర్ ట్యాంకు ఆవరణ. అక్కడ ఎవరి ర్యాంపూ లేదు, ఎవరి నిద్రా పాడుకాదు, గోడ పక్కన పిల్లలు వరసగా నిలబడటానికి నీడ కూడా ఉంటుంది. ఇంటి నుంచి ఐదు నిమిషాలు నడవాల్సి వస్తుందని తల్లిదండ్రులు గొణగొచ్చు. ఇంటింటికీ ఆగే బస్సు ఒక వీధిలో ఆరుసార్లు ప్రమాదం కొనితెస్తుంది. ఒకచోట ఆగితే ఒక్కసారే. ఆ ఒక్కచోట నలుగురు పెద్దలు నిలబడి ఉంటారు. నడవలేని పిల్లలకు, వీల్‌ఛైర్ మీద ఉన్నవారికి మాత్రం ఇంటి ముందే ఆపాలి, అందులో బేరం ఉండకూడదు.

పార్కు గోడ దగ్గర కూడా ఏదో ఒకటి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు, చెత్త పోసే మూల, ఇస్త్రీ బండి, సాయంత్రం మిర్చిబజ్జీల బండి. మొదటి రెండూ ఉంటే ఇంకో మేర చూసుకోవాల్సిందే, కరెంటు దిమ్మె పక్కన పిల్లలను నిలబెట్టకూడదు. బండ్లవాళ్ళ సంగతి జాగ్రత్తగా చూడాలి. పిల్లల పేరు చెప్పి వాళ్ళను తరిమేయడం సులువు, కాలనీల్లో ఆ కోరిక ఎప్పుడూ ఉంటుంది కూడా. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం వాళ్ళను తొలగించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అసలు తొలగించాల్సిన అవసరమే రాదు. బస్సు ఏడు గంటలది, బజ్జీల బండి ఐదు గంటలది. ఇస్త్రీ బండి పది గజాలు జరిగితే సరిపోతుంది. పైగా రోజూ అక్కడే ఉండే ఇస్త్రీ ఆయన కన్నా ఆ అంచుకు మంచి కాపలాదారు దొరకడు.

ఏ పక్క అన్నది ఇంకో చిక్కు. పొద్దున బస్సు ఒక దిక్కుగా వస్తుంది, సాయంత్రం చాలాసార్లు ఎదురు దిక్కుగా వస్తుంది. తలుపు ఎప్పుడూ ఎడమనే. పొద్దున పార్కు వైపు ఎక్కిన పిల్ల సాయంత్రం అవతలి వైపు దిగి రోడ్డు దాటాల్సి వస్తుంది. అలిసిపోయి, ఇంటికి పోవాలన్న తొందరలో, అమ్మ అవతల కనిపిస్తుండగా. బస్సు రూటును ఒక వీధి చుట్టు తిప్పి రెండు పూటలా ఒకే పక్క ఆపగలిగితే ఈ దాటడమే ఉండదు. డీజిల్ ఖర్చు కొద్దిగా పెరుగుతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జితో పట్టుబట్టి సాధించాల్సింది ఇదే. అది కుదరకపోతే సాయంత్రానికి వేరే జాగా చూడాలి, లేదా ఆయా దగ్గరుండి దాటించాలి. బస్సు ముందు నుంచి దాటేటప్పుడు కనీసం పదడుగులు ముందుకు నడిచి, డ్రైవరు ముఖం కనిపించాకే దాటాలన్నది అమెరికాలో పిల్లలకు నేర్పే మొదటి పాఠం. బంపరుకు ఆనుకుని నడిచే చిన్నపిల్ల ఎత్తైన సీట్లో ఉన్న డ్రైవరుకు కనిపించదు.

రివర్సు మాట చెప్పకుండా ముందుకు పోలేను. మూసుకుపోయిన గల్లీల్లోకి బస్సు వెళ్ళి వెనక్కి రావడం మన దగ్గర మామూలైపోయింది. పిల్లలు ఎక్కే దిగే చోట రివర్సు లేకుండా రూటు వెయ్యాలి. తప్పనిసరి అయితే అమెరికా డ్రైవర్లకు నేర్పే పద్ధతి ఒకటుంది. పొద్దున పిల్లలను ఎక్కించుకున్నాకే వెనక్కి తీయాలి, సాయంత్రం వెనక్కి తీశాకే దించాలి. రెండు పూటలా బస్సు వెనక్కి కదిలే వేళ పిల్లలు లోపలే ఉంటారు. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజిను ఆపడమూ అంతే. న్యూయార్క్‌లో బడి పక్కన ఒక నిమిషానికి మించి ఇంజిను ఊరికే నడపకూడదు. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. జాగా కోసం వీధివాళ్ళు ఒక మెట్టు దిగినప్పుడు బడివాళ్ళు ఇంజిను ఆపి, హారన్ మాని ఇంకో మెట్టు దిగడం న్యాయం.

బడి గేటు దగ్గరి జాగా సంగతి వేరు, అక్కడ నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. ఇళ్ళ మధ్య నాలుగంతస్తుల భవనంలో బడి పెట్టి, మైదానం లేకుండా, పది పదిహేను బస్సులను కాలనీ రోడ్డు మీద వరస కట్టించేవారు, రోడ్డు మీద జాగా కావాలని అడిగినప్పుడు ముందు వాళ్ళ ఆవరణ చూడాలి. బస్సులు లోపలికి వెళ్ళి తిరిగి రాగలిగితే రోడ్డు మీద గీత అవసరమే లేదు. లోపల చోటు లేని పాత బడి అయితే రోడ్డు మీద మూడు నాలుగు బస్సుల మేర ఇచ్చి, తరగతులవారీగా వేళలు మార్చి, బస్సులు విడతలుగా వచ్చేలా షరతు పెట్టాలి. మిగతా బస్సులు వంతు వచ్చేదాకా దూరంగా ఆగాలి. ప్రజల రోడ్డును బడి తన షెడ్డుగా వాడుకోవడానికి ఈ ఏర్పాటు ముసుగు కాకూడదు.

వాన గురించి మన ఇంజినీర్లు ముందే ఆలోచించాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రోడ్డు అంచే అన్నిటికన్నా ముందు మునుగుతుంది. మోకాలు లోతు నీళ్ళున్న అంచుకు ఏ డ్రైవరూ బస్సు ఆనించడు, ఆనించకూడదు కూడా. ఆ నీటి కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు. నాలాల్లో పిల్లలు కొట్టుకుపోయిన ఊళ్ళు మనవి. కాబట్టి జాగా ఎంచుకునేటప్పుడు ఎత్తు పల్లాలు చూడాలి, మ్యాన్‌హోళ్ళు ఎక్కడున్నాయో చూడాలి, అంచున పిల్లలు నిలబడే మేర అరడుగు ఎత్తులో గట్టిగా కట్టాలి. ఆ అరడుగు వల్ల బస్సు మెట్టు కూడా పిల్లలకు అందుతుంది.

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలంటే వేసవి సెలవుల్లో. బస్సుల ఫిట్‌నెస్ చేయించుకునే మే నెలలోనే బడివాళ్ళు కొత్త రూట్లు వేస్తారు. సంఘం తరఫున ఇద్దరు టేపు పట్టుకుని గేట్లు లేని అంచులు కొలిచి, ఏ ఇంటి నుంచి ఎంతమంది పిల్లలు ఏ బడికి పోతారో రాసుకుని, ఒకే కాగితాన్ని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకూ, మున్సిపల్ ఇంజినీరుకూ, బడి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికీ ఇవ్వాలి. ముగ్గురినీ ఒకే రోజు వీధికి రమ్మని అడగాలి. మొదట పెయింటు వద్దు. బడులు తెరిచిన రోజు నుంచి సున్నంతో గీసి, రెండు కోన్‌లు పెట్టి, ఉదయం గంట, సాయంత్రం గంట ఖాళీగా ఉంచి చూడాలి. బస్సు నిటారుగా ఆగుతోందా, ఎడమన బైకు దూరుతోందా, ఎవరి గేటుకు అడ్డం వస్తోంది, సాయంత్రం ఎంతమంది రోడ్డు దాటుతున్నారు, గట్టి వాన పడ్డ మర్నాడు నీరు ఎక్కడ నిలిచింది. వీటన్నిటికీ తగ్గట్టు గీతను ముందుకో వెనక్కో జరిపి, జులై చివరికి ఉత్తర్వు తీసుకుని, వేళలు స్పష్టంగా తెలుగులో రాసిన బోర్డు పాతి, అప్పుడు శాశ్వతంగా పెయింటు వెయ్యాలి.